నాలుగు కంప్యూటర్లు, ఒకే కనెక్షన్: ఎస్‌క్యూఎం వాడాక

ఎస్‌క్యూఎం (స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్) అంటే రౌటర్‌లో డేటా వరసను అదుపులో పెట్టే ఏర్పాటు. నాకు దాని అవసరం ఎందుకొచ్చిందో చెప్తాను. స్పీడ్‌తో నాకెప్పుడూ పేచీ లేదు. గొడవంతా అప్‌లోడ్‌తోనే. పక్క గదిలో ఎవరైనా ఫోటోలు క్లౌడ్‌కి ఎక్కించడం మొదలుపెడితే చాలు, నా వీడియో కాల్‌లో అవతలి వాళ్ల మాట ముక్కలయ్యేది. 20 మిల్లీసెకన్లుండే పింగ్ (డేటా వెళ్లి తిరిగొచ్చే సమయం) ఒక సెకను దాకా ఎగబాకేది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే పెద్ద ప్లాన్‌కి మారమనేవాళ్లు. మారితే ఫోటోలు త్వరగా ఎక్కుతాయేమో గానీ, ఎక్కుతున్నంతసేపూ ఇదే తంతు.

మోడెమ్ బఫర్‌లో, అంటే డేటా తన వంతు కోసం ఆగే చోట, అప్‌లోడ్ ప్యాకెట్లు (డేటా ముక్కలు) బారులు తీరితే, కాల్ తాలూకు చిన్న ప్యాకెట్ కూడా ఆ వరస చివరే నిలబడాలి. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. అందుకే రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, ఎస్‌క్యూఎం ప్యాకేజీలో కేక్ అనే వరస పద్ధతి ఎంచుకుని, రెండు వైపులా పరిమితిని అసలు వేగంలో 90 శాతానికి కట్టాను. కిటుకంతా ఆ పది శాతం వదులుకోవడంలోనే ఉంది. వరస మోడెమ్‌లో కాకుండా మన రౌటర్‌లోనే ఏర్పడుతుంది, అక్కడ కేక్ ప్రతి ప్రవాహానికీ, అంటే ఒక్కో కనెక్షన్‌కీ, వంతు వేస్తుంది. బ్యాకప్ నడుస్తుండగానే కాల్ మాట్లాడాను, పింగ్ 30 దాటలేదు. రౌటర్ పాత సాఫ్ట్‌వేర్‌లో ఏ డేటా ముందు వెళ్లాలో చెప్పే క్యూఓఎస్ పేజీలో పోర్టు నంబర్లు నింపి నింపి విసిగిపోయిన నాకు, ఒక్క రూల్ కూడా రాయక్కర్లేకపోవడం పండగలా అనిపించింది.

ఒక్కటీ అంటే మరీ ఒక్కటీ కాదులెండి. ఇంట్లో ఒకరు టొరెంట్ పెట్టారు. అది వందలకొద్దీ కనెక్షన్లు తెరుస్తుంది, వంతు కనెక్షన్ల లెక్కన పడుతోంది కాబట్టి వాటా అంతా ఆ కంప్యూటర్‌కే పోయింది. రౌటర్ న్యాట్ (ఇంటి అడ్రస్‌లన్నిటినీ ఒకే బయటి అడ్రస్‌గా మార్చే పద్ధతి) వెనకున్న కంప్యూటర్లన్నీ బయటివైపు ఒకే అడ్రస్‌తో కనిపిస్తాయి మరి, ఏది ఎవరిదో కేక్‌కి తెలియదు. అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో న్యాట్ అనే పదం చేర్చి, అప్‌లోడ్‌కి సోర్స్ హోస్ట్ (పంపే కంప్యూటర్), డౌన్‌లోడ్‌కి డెస్టినేషన్ హోస్ట్ (అందుకునే కంప్యూటర్) లెక్కన పంచమన్నాక గానీ దారికి రాలేదు.

ప్లాన్ పెంచుకున్నాక ఇంకోటి బయటపడింది. ప్రతి ప్యాకెట్‌నీ ప్రాసెసరే చూడాలి, ఎస్‌క్యూఎం ఉంటే హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ (ప్రాసెసర్‌ని తప్పించి ప్యాకెట్లను వేరే చిప్‌తో పంపడం) వాడుకోలేం. మా పాత రౌటర్ కొత్త వేగాన్ని సగం కూడా అందుకోలేకపోయింది. అయినా ఆపలేదు, మాకు డౌన్‌లోడ్ల కన్నా కాల్స్ ఎక్కువ.

మా ఇంట్లో ఉన్నది స్థిరమైన కేబుల్ లైన్, కాబట్టి సరిపోయింది. మొబైల్ డేటాతో ఇల్లంతా నడిపేవాళ్లకి ఇలాగే పెట్టుకోమని మాత్రం చెప్పను. వేగం గంటకోలా మారే చోట 90 శాతం అంటే దేనిలో 90?