ఏడేళ్ళు వాడిన చిన్న కంప్రెసర్, ఎయిర్‌బ్రష్: హనుమకొండ ఎండలో, వానలో

2018 చివర్లో కొన్నాను. మూడు లీటర్ల ట్యాంకు ఉన్న, ఆయిల్ అవసరం లేని పిస్టన్ కంప్రెసర్. దానికి 0.3 మిల్లీమీటర్ల నీడిల్ ఉన్న డబుల్ యాక్షన్ ఎయిర్‌బ్రష్, అంటే గాలితో రంగు చిమ్మే కుంచె. పేరున్న కంపెనీవి కావు. ఒకే మిషన్‌ను పది పేర్లతో అమ్ముతుంటారు, అందులో ఒకటి. రెండూ కలిపి పదకొండు వేల చిల్లర అయింది. అప్పటిదాకా యుద్ధ ట్యాంకుల చిన్న బొమ్మలకు కుంచెతోనే రంగులు వేసేవాణ్ణి. వీటితో ఇప్పటికి తొమ్మిది డయోరమాలు (బొమ్మలతో పేర్చిన చిన్న దృశ్యాలు) పూర్తి చేశాను, అన్నీ 1/35 స్కేలువే. ఆ స్కేల్లో అయిదున్నర అడుగుల సైనికుడు అయిదు సెంటీమీటర్లు కూడా ఉండడు.

మొదటిసారి ఆన్ చేసిన రోజు బాపు ఊరి నుంచి వచ్చి ఉన్నాడు. "ఏందిరా, తైవాన్ పంపు పిల్ల పెట్టిందా?" అన్నాడు. పత్తికి మందు కొట్టే పంపులో మందునే ఒత్తిడితో బయటికి తోస్తారు. ఇందులో గాలి నాజిల్ కొన మీదుగా దూసుకుపోతూ రంగును తనతో లాక్కుపోతుంది. ట్రిగ్గర్ కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. చెప్పడానికి ఇంతే. ఆ రెండూ వేలికి అలవాటు కావడానికి ప్లాస్టిక్ చెంచాల మీద మూడు నెలలు గీతలు గీశాను.

దీని అసలు విలువ అసల్ ఉత్తర్ యుద్ధం డయోరమా చేసినప్పుడు తెలిసింది. 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ దగ్గర మనవాళ్ళు పొలాలకు నీళ్ళు వదిలితే పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు ఆ బురదలో దిగబడ్డాయి. జీపు మీద బిగించిన 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ గన్‌తో వాటిని కొట్టిన అబ్దుల్ హమీద్ ఆ పోరులోనే సెప్టెంబరు 10న చనిపోయాడు. ఆయనకు పరమవీర చక్ర ఇచ్చారు. నేను చేసింది చెరుకు మడిలో ఇరుక్కున్న ఒక ప్యాటన్, కాస్త దూరంలో చేల మాటున ఆ జీపు.

ప్యాటన్‌కు ఆలివ్ రంగు సీసాలో ఉన్నది ఉన్నట్టు కొడితే ఇంత చిన్న బొమ్మ మీద దాదాపు నల్లగా కనిపిస్తుంది. అందుకే ముందు ముదురు కోటు వేసి, తర్వాత అదే రంగులో కొంచెం లేత పసుపు కలిపి ప్రతి పలక నడిమధ్యన పలుచగా కొట్టాలి. గాలి ఒత్తిడి 15 పీఎస్ఐ దగ్గర ఉంచి, రంగును పాలంత పలుచగా కలుపుకొని, రెండంగుళాల దూరం నుంచి. అంచుల్లో ముదురు, మధ్యలో ఎండకు వెలిసినట్టు లేత. కుంచెతో ఎన్నేళ్ళు తిప్పలు పడ్డా నాకు ఆ మెత్తదనం రాలేదు. చెరుకు ఆకులకూ ఇదే పనికొచ్చింది. తెల్ల కాగితానికి రెండు వైపులా మూడు రకాల ఆకుపచ్చలు కొట్టి, ఆరాక సన్నగా కోశాను. కొబ్బరి చీపురు ఈనెల సన్నటి కొసలే గడలు. నిజం చెరుకు తొమ్మిది అడుగులుంటే ఇక్కడ ఎనిమిది సెంటీమీటర్లు రావాలి. నాలుగు వందల గడలు అతికించాను. ఆ రెండు నెలలు ఇంట్లో చీపురు కనిపిస్తే దాచేసేవాళ్ళు.

ఇక వాతావరణం. పెట్టెలో వచ్చిన కాగితంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. మే నెలలో మా దగ్గర మధ్యాహ్నం 44 డిగ్రీలుంటే యాక్రిలిక్ రంగు బొమ్మను చేరకముందే నీడిల్ కొన మీద ఆరిపోతుంది. రెండు నిమిషాలకోసారి కొన తుడుచుకోవాలి. రంగు త్వరగా ఆరకుండా చేసే రిటార్డర్ నాలుగు చుక్కలు కలిపితే కొంత నయం. తెల్లవారుజామున అయిదింటికి కూర్చుంటే అంతకంటే నయం. ఎండాకాలం కంప్రెసర్ కూడా వేడెక్కి దానంతట అదే ఆగిపోయేది. ఇప్పుడు దాని ముందు టేబుల్ ఫ్యాన్ పెడుతున్నాను.

వానాకాలం బాధ వేరు. గాలిని ఒత్తితే అందులోని తేమ నీరవుతుంది. ఆ నీరు పైపులోంచి వచ్చి రంగు మధ్యలో చుక్కలుగా పడుతుంది. తేమను పట్టే గాజు గిన్నె కంప్రెసర్‌కే ఉంది కానీ జులైలో అదొక్కటీ సరిపోదు. బ్రష్ దగ్గర పైపుకు ఇంకొకటి తగిలించాను. ట్యాంకు అడుగున ఉన్న స్క్రూ విప్పి రోజూ నీళ్ళు వదలాలి. నేను మొదటి ఏడాది ఆ స్క్రూను చూడనేలేదు. ప్యాటన్ మీద చివరగా మ్యాట్ వార్నిష్ కొట్టిన రోజు బయట ముసురు. పది నిమిషాల్లో బొమ్మంతా పిండి చల్లినట్టు తెల్లబడింది. నాలుగు నెలల పని, గుండె ఆగినంత పనైంది. రెండు రోజులు ఆగి, పొడి ఎండ కాసిన పూట మెరిసే గ్లాసీ వార్నిష్ పలుచగా కొడితే చాలావరకు తేరుకుంది. కుడివైపు ట్రాక్ మీద తెల్లదనం పోలేదు. దాని మీద బురద వేశాను.

క్లీనింగ్ గురించి ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఇరవై నిమిషాలు రంగు కొడితే పాతిక నిమిషాలు కడగాలి. ఒకసారి లాకర్ థిన్నర్‌తో కడిగితే లోపలి రబ్బరు రింగు ఉబ్బి ట్రిగ్గర్ బిగుసుకుపోయింది. నాజిల్‌ను స్పానర్‌తో కాస్త ఎక్కువ తిప్పితే సన్నగా చీలింది. ఆ తప్పు నాదే. కొత్త నాజిల్ ఆర్డర్ పెడితే 0.2 ది పంపారు, మార్చడానికి నెల పట్టింది. అప్పటి నుంచి రెండు నాజిళ్ళు అదనంగా ఉంచుకుంటున్నాను.

ట్యాంకు లేని కంప్రెసర్లు, పెన్నులా చేతిలో పట్టుకునే బ్యాటరీవి చవగ్గా వస్తాయి. ఒక మిత్రుడివి రెండూ వాడి చూశాను. గాలి ఎగిరెగిరి వస్తుంది, సన్న గీత నిలవదు. మాస్కు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. గుడ్డ మాస్కు రసాయనాల ఆవిరిని ఆపదు, ఆ ఆవిరిని పీల్చుకునే కార్ట్రిడ్జ్ ఉన్నది కావాలి. కిటికీ కూడా తెరవాలి.

ఇన్ని చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. ఆ డయోరమాలో చూసినవాళ్ళు ముందు మెచ్చుకునేది బురదను, దానికి ఎయిర్‌బ్రష్ పెద్దగా చేసిందేమీ లేదు. మొదట మా చేనులోని రేగడి మట్టి జల్లించి వాడాను. టీ జాలిలో జల్లించినా చాలదు. ఈ స్కేల్లో మిల్లీమీటరు రేణువంటే మూడున్నర సెంటీమీటర్ల గులకరాయి. పలుచటి చున్నీ గుడ్డలో మూడుసార్లు జల్లించి, ఫెవికాల్ నీళ్ళలో కలిపి పరిచాను. మడి అంతా ఒకే ముదురు గోధుమ రంగు కొట్టి బాపుకు చూపించాను. చాలాసేపు వంగి చూసి, "నీళ్ళు పారిన మడి గిట్లుండదురా. గట్టు పొంటి ముందుగాల ఆరుతది, ఆడ తెల్లగ తేలుతది. బండి దిగవడ్డ కాడ కిందికెల్లి కొత్త మన్ను లేస్తది, అది నల్లగుంటది" అన్నాడు. మడంతా గీకేసి మళ్ళీ చేశాను. అప్పుడు మాత్రం గట్టు అంచున లేత రంగు మెల్లగా కలిసిపోవడానికి ఎయిర్‌బ్రష్ కావలసి వచ్చింది.

ఈ ఏడాది కంప్రెసర్‌లో వయసు కనిపిస్తోంది. ట్యాంకు నిండి దానంతట అది ఆగడానికి ఇంతకు ముందు నిమిషంన్నర పట్టేది, ఇప్పుడు మూడు నిమిషాలు. పిస్టన్ రింగు అరిగినట్టుంది. శబ్దం పెరగలేదు, రాత్రి పదింటికి నడిపినా పక్కింటివాళ్ళు ఏమీ అనలేదు. కరెంటు పోతే ట్యాంకులో మిగిలిన గాలి మహా అయితే ఓ నిమిషం వస్తుంది, సగంలో ఉన్న కోటు ముగించడానికి అది చాలు. మళ్ళీ కొనాల్సి వస్తే కంప్రెసర్ ఇలాంటిదే కొంటాను. బ్రష్ మాత్రం రెండింతల ధరైనా విడిభాగాలు సులువుగా దొరికే కంపెనీది తీసుకుంటాను.

ఇప్పుడు టేబుల్ మీద బీఎంపీ-2 బొమ్మ ఉంది, సైనికులను మోసుకెళ్ళే కవచ వాహనం, మన ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో సారథ్ పేరుతో తయారయ్యే బండి. ప్రైమర్ అయింది, ఆకుపచ్చ కూడా అయింది. మ్యాట్ వార్నిష్ దసరా తర్వాతే.