బబుల్‌టిప్ ఎనిమోన్‌కి ఏ లైటు, ఎలాంటి వేవ్‌మేకర్: కొన్నేళ్ళు వాడాక నా సమీక్ష

ఎనిమోన్ అంటే రాయిని పట్టుకుని బతికే, పువ్వులా కనిపించే మెత్తటి సముద్ర జంతువు. బబుల్‌టిప్ అందులో ఒక రకం. దాన్ని ఇంట్లో ఉప్పునీళ్ళ ట్యాంకులో పెంచుదామనుకునేవాళ్ళు నన్ను ముందుగా అడిగేది లైటు గురించే. ఏ కంపెనీది, ఎన్ని వాట్లు, ఎంత ఎత్తులో పెట్టాలి అని. నీళ్ళ కదలిక ఎలా ఉండాలని అడిగినవాళ్ళు చాలా తక్కువ. కానీ ఎనిమోన్ ఒకచోట కుదురుకోకుండా ట్యాంకంతా తిరగడానికి, చివరికి ఏ పంపులోనో పడి చావడానికి నేను చూసినంతలో ఎక్కువసార్లు కారణం నీళ్ళ కదలికే. లైటుకి డబ్బు పెట్టాలి, వేవ్‌మేకర్‌కి, అంటే ట్యాంకులో నీళ్ళని కదిలించే పంపుకి, టైమ్ పెట్టాలి. ఇన్నేళ్ళు వాడాక నాకు అర్థమైంది ఇదే.

మాది డాలస్ పక్కన ఊరు. ట్యాంకు 40 గాలన్లది, అంటే సుమారు 150 లీటర్లు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. అందులో ఒక జత ఒసెల్లారిస్ క్లౌన్‌ఫిష్ (ఎనిమోన్‌లో కాపురముండే చేపలు), ఒక రోజ్ బబుల్‌టిప్, అది రెండుగా చీలితే వచ్చిన పిల్ల ఎనిమోన్ ఒకటి ఉన్నాయి. అన్నీ ట్యాంకుల్లో పెరిగినవే, సముద్రం నుంచి పట్టి తెచ్చినవి కావు. ఇక్కడ బబుల్‌టిప్పులు తోటి హాబీవాళ్ళ దగ్గర సులువుగా దొరుకుతాయి కాబట్టి సముద్రంలో పట్టింది కొనాల్సిన పనే లేదు.

ముందు లైటు సంగతి. ఎనిమోన్ ఒంట్లో కంటికి విడిగా కనిపించనంత చిన్న గోధుమరంగు ఆల్గే ఉంటుంది. జూజాంథెల్లే అంటారు. అది వెలుతురుతో తయారుచేసే ఆహారంలో చాలా భాగం ఎనిమోన్‌కే అందుతుంది. రొయ్య ముక్కలు ఎన్ని పెట్టినా ఆ లోటు పూర్తిగా తీరదు. షాపులో ఒళ్ళంతా తెల్లగా, కొసలు మాత్రం ఊదారంగులో ఉన్న ఎనిమోన్ చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. నిజానికి అది ఆల్గేని పోగొట్టుకున్న ఎనిమోన్. దాన్ని తెచ్చి ఎంత ఖరీదైన లైటు కింద పెట్టినా కోలుకోవడానికి నెలలు పడుతుంది. పైగా అలాంటిదాన్ని ఒక్కసారిగా గట్టి వెలుతురులో పెడితే ఇంకా దెబ్బతింటుంది. గోధుమరంగు ఛాయ ఉన్నదాన్ని, రాయిని గట్టిగా పట్టుకుని, నోరు బిగించుకుని ఉన్నదాన్నే తీసుకోండి.

నేను వాడుతున్నది ఆక్వా ఇల్యూమినేషన్ (ఏఐ) కంపెనీ ప్రైమ్ 16 హెచ్‌డీ. చిన్న ఎల్ఈడీ లైటు, ఫోన్ యాప్‌తో ఒక్కో రంగునీ విడిగా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న జాగాకి సరిపోయే లైటు ఇది. మరి మా ట్యాంకు మూడడుగులు కదా అంటారేమో. నాకు కావలసింది సరిగ్గా అదే. ఎడమవైపు రాయి మీద లైటు వేలాడుతుంది, కుడి చివరకి వెళ్ళేసరికి వెలుతురు తగ్గిపోతుంది. ఎనిమోన్‌కి నచ్చిన చోటు అదే వెతుక్కోవాలంటే ట్యాంకులో వెలుగు, నీడ రెండూ ఉండాలి. ట్యాంకంతా ఒకేలా వెలిగించడం పగడాలకు మంచిదేమోగానీ బబుల్‌టిప్‌కి అక్కర్లేదు.

వెలుతురుని కంటితో అంచనా కట్టొద్దు. నీలం ఎక్కువగా ఉన్న ఎల్ఈడీ కింద మన కన్ను బాగా మోసపోతుంది. పార్ మీటర్‌తో కొలవాలి. పార్ అంటే ఆల్గే ఆహారం తయారుచేసుకోవడానికి పనికొచ్చే వెలుతురు. నీళ్ళలో ముంచి కొలిచే అపోజీ ఎంక్యూ-510 మీటర్ కొనాలంటే ఖరీదు ఎక్కువ, ఇక్కడ మంచి అక్వేరియం షాపుల్లో అద్దెకిస్తారు. నేనూ అలాగే తెచ్చి కొలిచాను. రాయి పైభాగంలో 330, ఎనిమోన్ కూర్చున్న పగులు దగ్గర 220, కింద ఇసుక మీద 90 దాకా వచ్చింది. పోలికకి చెప్తాను, నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు నేల మీద పార్ 2000 దాకా ఉంటుంది. బబుల్‌టిప్‌కి 150 నుంచి 250 మధ్య ఉంటే హాయిగా ఉంటుందని నా అనుభవం. లైటుని నీళ్ళకు పది అంగుళాల ఎత్తులో పెట్టి, నీలం రంగులు 70 శాతం, తెలుపు 20 శాతం దగ్గర ఉంచాను. రోజుకి పది గంటలు. అందులో మొదటి గంట మెల్లగా పెరుగుతుంది, చివరి గంట మెల్లగా తగ్గుతుంది. కొత్త ఎనిమోన్ వచ్చినప్పుడు యాప్‌లో ఉండే అక్లిమేషన్ మోడ్ నాకు బాగా పనికొచ్చింది. సగం వెలుతురుతో మొదలుపెట్టి కొన్ని వారాల్లో అదే పెంచుకుంటూ పోతుంది. రోజూ గుర్తుపెట్టుకుని మనం మార్చాల్సిన బాధ లేదు.

బుడగల గురించి కూడా ఒక మాట. టెంటకిల్స్, అంటే ఒంటి మీద వేళ్ళలా ఊగే భాగాల చివర బుడగలు లేవంటే లైటు చాలలేదని చాలామంది టెన్షన్ పడి వెలుతురు పెంచేస్తారు. సముద్రంలోనూ బుడగలు లేకుండా సన్నగా, పొడుగ్గా ఉండే ఆరోగ్యమైన బబుల్‌టిప్పులు ఉన్నాయి. మా పెద్దదానికి కొన్ని నెలలు బుడగలుంటాయి, కొన్ని నెలలు ఉండవు, లైటు మాత్రం అదే. బుడగల్ని బట్టి కాదు, ఒంటిని బట్టి చూడాలి. వెలుతురు చాలకపోతే ఎనిమోన్ కాండం బాగా సాగి పైకి లేస్తుంది, రంగు పలచబడుతుంది, తర్వాత పైకి పాకడం మొదలవుతుంది. ఎక్కువైతే పట్టపగలు ముడుచుకుపోయి రాతి సందులోకి దూరుతుంది. రోజులో ఒకసారి కాసేపు ముడుచుకుని మళ్ళీ విచ్చుకోవడం మామూలే, లోపలి పాత నీళ్ళు, వ్యర్థాలు బయటికి పోస్తుంది. దానికి కంగారుపడక్కర్లేదు.

ఇక నీళ్ళ కదలిక. ఎనిమోన్‌కి ఊపిరితిత్తులు లేవు, మొప్పలు లేవు. చర్మాన్ని తాకే నీళ్ళలోంచే ఆక్సిజన్ తీసుకోవాలి. నీళ్ళు కదలకపోతే ఒంటిని అంటుకుని ఉన్న పలచటి పొరలో ఆక్సిజన్ అయిపోతుంది, జిగురు పేరుకుంటుంది. పగలు ఆల్గే ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదీ ఉండదు. 2013లో ఎర్ర సముద్రపు క్లౌన్‌ఫిష్, బబుల్‌టిప్పుల మీద వచ్చిన ఒక పరిశోధన చదివాక నాకు రాత్రి సెట్టింగుల మీద ఆలోచనే మారిపోయింది. చేప, ఎనిమోన్ విడివిడిగా ఉన్నప్పుడు రాత్రి వాడుకునే ఆక్సిజన్ కంటే కలిసి ఉన్నప్పుడు వాడుకునేది 1.4 రెట్లు ఎక్కువట. చీకట్లో చేప టెంటకిల్స్ మధ్య కదులుతూ, తోక ఆడిస్తూ ఎనిమోన్‌కి నీళ్ళు అందిస్తుంది. మా క్లౌన్‌ఫిష్ కూడా లైట్లు ఆరిపోయాక ఎనిమోన్ మధ్యలో అటూఇటూ ఒత్తుకుంటూ తిరగడం టార్చి వేసి చాలాసార్లు చూశాను. అందుకే చాలామంది పెట్టే నైట్ మోడ్, అంటే రాత్రి వేవ్‌మేకర్ బాగా తగ్గించేయడం, నేను మానేశాను. పగటి వేగంలో కొద్దిగా మాత్రమే తగ్గిస్తాను.

మొదట వాడిన పంపు మామూలు పవర్‌హెడ్. ఒకే వేగం, సన్నటి ధార. ఏ కంపెనీదైనా ఆ రకం పంపుల తీరు ఒకటే కాబట్టి పేరు అక్కర్లేదు. దాని ఎదురుగా ఉన్నచోట నీళ్ళు కొట్టినట్టు పోతాయి, పక్కన జానెడు దూరంలో చలనమే ఉండదు. అది ఉన్నన్నాళ్ళూ ఎనిమోన్ టెంటకిల్స్ అన్నీ దువ్వెనతో దువ్వినట్టు ఒకేవైపు వాలి ఉండేవి. రాయిని పట్టుకునే పాదం కుదురుగా ఉండేది కాదు. తర్వాత వెడల్పాటి ధార ఇచ్చే డీసీ వేవ్‌మేకర్ కొన్నాను. వేగం మార్చుకోవచ్చు, రాండమ్ మోడ్ ఉంది. ట్యాంకు కుడి గోడకి పైన పెట్టి, ఎనిమోన్ వైపు కాకుండా ముందు అద్దం వైపు తిప్పాను. ధార అద్దానికి తగిలి, విరిగి, మెత్తబడి రాయి దగ్గరకి వస్తుంది. కావలసింది ఇలాంటి కదలికే.

సరిపోయిందా లేదా తెలుసుకోవడానికి మీటర్ అక్కర్లేదు. ఒక పది నిమిషాలు ట్యాంకు ముందు కూర్చోండి. టెంటకిల్స్ ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి, మధ్యలో కాసేపు నిటారుగా ఆడుతుంటే బాగుంది. నోటి చుట్టూ ఉన్న పళ్ళెంలాంటి భాగం అప్పుడప్పుడు కనబడాలి, కానీ ఎప్పుడూ తెరిచేసినట్టు ఉండకూడదు. కరిగించిన మైసిస్ (చేపలకు మేతగా పెట్టే చిన్న రొయ్యల్లాంటివి) రసం రెండు చుక్కలు పంపు దగ్గర వదిలితే ఆ మబ్బు ఏ దారిన పోతుందో కనిపిస్తుంది. అది ఎనిమోన్ మీదుగా వెళ్ళి ఆగకుండా దాటిపోవాలి. కింద పాదం దగ్గర చెత్త పేరుకుంటుంటే మాత్రం అక్కడికి నీళ్ళు అందడం లేదని అర్థం.

ఎక్కువ కాలం వాడితేగానీ తెలియనిది ఒకటుంది. వేవ్‌మేకర్ మీద గులాబిరంగు సున్నపు పొర పెరుగుతుంది, లోపల ఫ్యాన్ రెక్కలకీ పడుతుంది. యాప్‌లో 40 శాతం అనే కనిపిస్తుంది, ధార మాత్రం నెలనెలకీ తగ్గుతుంది. తగ్గుదల మెల్లగా ఉంటుంది కాబట్టి ఎనిమోన్ దానికి అలవాటుపడుతుంది. పంపు తీసి వెనిగర్, నీళ్ళు సగం సగం కలిపి నానబెట్టి, కడిగి, అదే 40 శాతం మీద పెడితే ఎనిమోన్‌కి ఒక్కసారిగా వరద వచ్చినట్టే. ఈ వేవ్‌మేకర్ పెట్టాక మా ఎనిమోన్ చోటు మారిందంటే ఇలా పంపు శుభ్రం చేసిన రోజుల తర్వాతే. ఇప్పుడు కడిగిన రోజు 25 దగ్గర మొదలుపెట్టి ఒక వారంలో పెంచుతాను, కదలకుండా ఉంటోంది. లైటు అద్దం మీద ఉప్పు మరకలదీ ఇదే కథ. తుడవకపోతే వెలుతురు తగ్గుతుంది, నెలల తరబడి వదిలి ఒకేసారి తుడిస్తే పెరుగుతుంది. ప్రతి ఆదివారం మెత్తటి గుడ్డతో తుడిచేస్తే ఈ గొడవ ఉండదు.

జాలీ లేకుండా వేవ్‌మేకర్ నడపొద్దు, ఎంత మంచిదైనా సరే. మా ఫ్రెండ్ ఒకతని ఎనిమోన్ రాత్రిపూట పాకి పంపులోకి వెళ్ళిపోయింది. పొద్దున్నకి ట్యాంకంతా తెల్లటి నీళ్ళు, ముక్కలు. కుట్టే కణాలన్నీ నీళ్ళలో కలిసిపోతాయి కాబట్టి చేపలకీ ప్రమాదమే. యాక్టివేటెడ్ కార్బన్ వేసి, పెద్ద ఎత్తున నీళ్ళు మార్చి మిగతావి కాపాడుకున్నాడు. స్పాంజి కవర్‌కంటే సన్నటి మెష్ కవర్ నాకు నచ్చింది, ధారని తక్కువగా అడ్డుకుంటుంది. అయినా వారానికోసారి కడగాల్సిందే. హీటర్‌కి, నీళ్ళు బయటికి పోయే ఓవర్‌ఫ్లో పళ్ళకి కూడా గార్డు ఉండాలి. అన్నిటికంటే మంచి ఏర్పాటు ఇసుక మధ్యలో ఒంటరిగా ఒక రాయి, అందులో పాదం దూరేంత లోతైన పగులు. చుట్టూ ఇసుక ఉంటే దాటి వెళ్ళడానికి అంత సులువుగా ఇష్టపడదు.

డీసీ పంపు కొనమనడానికి ఇంకో కారణం బ్యాటరీ. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సాస్‌లో 40 లక్షలకు పైగా ఇళ్ళకు, వ్యాపారాలకు కరెంటు పోయింది. మాకూ పోయింది. లైటు లేకపోయినా ఎనిమోన్‌కి ఒకటి రెండు రోజులు ఏమీ కాదు. నీళ్ళు ఆగిపోతే మాత్రం గంటల్లోనే ఆక్సిజన్ సమస్య వస్తుంది. వేవ్‌మేకర్‌కి పెట్టిన బ్యాటరీ బ్యాకప్ తక్కువ వేగంలో నడుస్తూ ఉండబట్టి, ట్యాంకు చుట్టూ దుప్పట్లు కప్పి వేడి కాపాడుకోగలిగాం.

పెద్దది చీలాక పుట్టిన పిల్ల ఎంచుకున్న చోటు నన్ను ఆశ్చర్యపరిచింది. లైటు కిందికి రాలేదు. రాతి అంచు కింద, పార్ 120 మాత్రమే ఉన్నచోట, అద్దానికి తగిలి తిరిగొచ్చే ధార నేరుగా అందే మూల చూసుకుంది. అక్కడే బాగా పెరిగింది, రంగు కూడా ముదిరింది. దాన్ని పైకి తెద్దామన్న ఆలోచన కూడా పెట్టుకోలేదు.

ఈ లెక్కలన్నీ బబుల్‌టిప్‌కే. మాగ్నిఫికా ఎనిమోన్‌కి రాయి శిఖరం మీద ఇంతకంటే గట్టి వెలుతురు, గట్టి ధార కావాలి, నా ట్యాంకు దానికి సరిపోదు. కార్పెట్ ఎనిమోన్లు కూడా ఈ సైజు ట్యాంకులో వద్దు. నడవని ఎనిమోన్ కావాలంటే కరేబియన్ రాక్ ఫ్లవర్ నయం, తక్కువ వెలుతురులోనూ ఉంటుంది, కాకపోతే క్లౌన్‌ఫిష్ సాధారణంగా అందులో ఉండదు.

హైదరాబాద్‌లో మెరైన్ ట్యాంకు నడుపుతున్న మా బావ ఇదే సెటప్ పెట్టుకోవాలని అడుగుతున్నాడు. అక్కడ రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే రక్షిత జాబితాలో ఉన్నాయి కాబట్టి ట్యాంకులో పగడపు రాళ్ళ బదులు అన్నీ సిరామిక్ రాళ్ళే. ఎండాకాలంలో నీళ్ళు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ కూడా తక్కువే నిలుస్తుంది. అందుకని ముందు చిల్లర్ కొని నీళ్ళని 26 డిగ్రీల దగ్గర నిలబెట్టమన్నాను, తర్వాత వేవ్‌మేకర్‌ని ఇన్వర్టర్ లైను మీదకి మార్చమన్నాను. లైటు ఆఖర్న కొనొచ్చు, ఎనిమోన్ ఆ లైటు ఒక నెల నడిచాక.