అద్దె గొడుగుల వాళ్ళకి ఆటోపే ఇచ్చారా? ముందు అది రద్దు చేసుకోండి

మెట్రో మెట్ల కింద గొడుగుల స్టాండు పెట్టుకున్నారు కదా, వాళ్ళ గురించే. పేరు రాయక్కర్లేదు, రోజూ చూస్తూనే ఉన్నారు. నాకు 649 రూపాయలు బొక్క. ఒళ్ళు మండి, ఆఫీసు పని పక్కన పడేసి రాస్తున్నా.

399 డిపాజిట్, రోజుకి 10 అద్దె, మర్నాడు తిరిగివ్వకపోతే అక్కణ్ణుంచి రోజుకి 40. అంతా యూపీఐ ఆటోపే, అంటే ఒకసారి ఒప్పుకుంటే ఇక మళ్ళీ అడక్కుండా ఖాతాలోంచి వాళ్ళే కట్ చేసుకుంటారు. 'ఒకే గొడుగు, వంద మందికి నీడ, చెత్త తగ్గిద్దాం' అని బోర్డు. నేను పడిపోయింది అక్కడే. ఏటా వానాకాలం రెండొందల గొడుగు కొనడం, ఒక్క గాలికి తిరగబడగానే పారేయడం నా అలవాటు. పాత సామాన్ల వాడు కూడా ముట్టుకోడు. పాలిస్టర్ బట్ట, ఇనుప కమ్మీలు, ప్లాస్టిక్ పిడి, వీటిని కూర్చుని విడదీసేదెవరు? ఈసారైనా బుద్ధిగా ఉందామని చేరా. ఉన్నా కూడా!

పోయిన సోమవారం సాయంత్రం కుండపోత, గాలికి ఒక కమ్మీ వంగింది. మంగళవారం పొద్దున తిరిగిద్దామంటే ఆ కమ్మీ అడ్డుపడి గొడుగు స్టాండులో దిగలేదు, పచ్చ లైటు వెలగలేదు. అక్కడి అబ్బాయి నా చేతిలోంచి తీసుకుని, "ట్రైన్ మిస్సవుతారు, మీరు వెళ్ళండక్కా, నేను క్లోజ్ చేస్తాలే" అన్నాడు. అక్కా అన్నాడు కదా, కరిగిపోయా.

బుధవారం నుంచి రోజూ 40 కట్. బ్యాంకు మెసేజులు రాలేదనను, లోన్ ఆఫర్ల మధ్య నేనే చూసుకోలేదు. కొత్తిమీర కట్ట దగ్గర ఐదు రూపాయలకి బేరమాడే దాన్ని! ఆరు రోజులకి 240 పోయాక, నిన్న ఇంకో మెసేజ్: 'గొడుగు పోగొట్టుకున్నారు, డిపాజిట్ తిరిగి రాదు.'

ఇవాళ పొద్దున వెళ్తే ఆ అబ్బాయి నన్ను గుర్తే పట్టలేదు. వాడి వెనకాల గోనె సంచిలో విరిగిన గొడుగులు, ఓ పాతికైనా ఉంటాయి. పైన ఉన్నది నాదే! పిడి మీద స్టిక్కరు నంబరు, నా ఫోన్‌లో 'తిరిగి రాలేదు' అన్న నంబరు ఒకటే. చూపించా. వాడు సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. ఆ మహానుభావుడు, "లాక్ పడకపోతే రిటర్న్ కింద రాదు మేడమ్. చదువుకున్నవాళ్ళే కదా, కండిషన్లు చదవరా?" అన్నాడు. చుట్టూ జనం. గొడుగు ఇక్కడే ఉంది కదండీ అంటే, "సిస్టమ్‌లో లేదు" అని పెట్టేశాడు.

ఇంతలో చెత్త ఆటో వచ్చింది. అబ్బాయి ఆ సంచి ఎత్తి అందులో కుమ్మరించాడు, నా గొడుగుతో సహా. నేను నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డా. అప్పుడే లాక్కుని ఉంటే వంగిన గొడుగైనా దక్కేది. పాపం చిన్నపిల్లాడు, వాడి మీద కోపం లేదు అని రాద్దామనుకున్నా గానీ, ఉంది.

చైనాలో షెన్‌జెన్ కంపెనీ ఒకటి 2017లో 19 యువాన్ల డిపాజిట్‌తో ఇలాగే గొడుగులు అద్దెకిస్తే, కొన్ని నెలల్లోనే దాదాపు 3 లక్షల గొడుగులు వెనక్కి రాలేదట. ఎప్పుడో చదివి నవ్వుకున్నా. అక్కడ జనం గొడుగులు పట్టుకుపోయారు. ఇక్కడ తెచ్చిచ్చినా పట్టుకుపోయావంటున్నారు.

ఇంకా వాడేవాళ్ళుంటే, పచ్చ లైటు వెలిగేదాకా కదలకండి, వీడియో తీసుకోండి. వాళ్ళ యాప్ డిలీట్ చేసినంత మాత్రాన ఆటోపే ఆగదు, మీ యూపీఐ యాప్‌లోకి వెళ్ళి విడిగా రద్దు చేయాలి. మధ్యాహ్నం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించా. గొడుగు తిరిగిచ్చినట్టు రుజువు ఉందా అని అడిగారు. చెత్త ఆటోలో ఉందండీ అన్నా.