మా సంఘంలో ఆదివారం ఆరాధన: ఫోన్‌లో వింటే చాలనుకునేవాళ్ళ కోసం ఒక రివ్యూ

ఒంగోలుకి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినవాళ్ళు, కొత్తగా పెళ్ళయి వచ్చిన అమ్మాయిలు, మా స్కూల్లో చేరిన టీచర్లు, అందరూ అక్కా మీ చర్చి ఎట్టా ఉంటుంది అని అడుగుతా ఉంటారు, ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఒకేసారి రాసేస్తే పోతుందని రాస్తున్నా. చర్చి పేరు మాత్రం రాయట్లేదు, ఎందుకంటే మా చర్చికే రండి అని పిలవడానికి రాసేది కాదిది. ఒంగోలు నుంచి చీమకుర్తి వైపు పోయినా, కొత్తపట్నం పోయినా, టంగుటూరు, సింగరాయకొండ, కందుకూరు ఎటు పోయినా ఇట్టాంటి సంఘాలు పల్లెపల్లెకీ ఉన్నాయి, మీ ఇంటికి దగ్గర్లో వాక్యం సరిగ్గా చెప్పే సంఘం ఏదుంటే దానికి పోండి. స్టార్లు అడిగితే ఐదుకి ఐదు. లోపాలు లేవని కాదు, అవీ రాస్తా.

ముందు బిల్డింగు సంగతి. రేకుల షెడ్డు తీసేసి స్లాబు వేశారు, కానీ స్లాబు కింద ఉడుకు రేకుల కిందకన్నా ఏం తక్కువ కాదు, మే నెలలో పదకొండు దాటితే ఫ్యాన్ల కింద చోటు దొరికినవాళ్ళే అదృష్టవంతులు. ముందు సగం పట్టాలు పరుస్తారు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క, పిల్లలు ఎక్కడ పడితే అక్కడ. సౌండ్ సిస్టమ్ బాగా లేదు, మైకు కుయ్యిమంటా ఉంటుంది, ఈ విషయం సంఘ పెద్దలకి చెప్పాం, మళ్ళీ చెప్తాం. ప్రకటనలు మరీ సాగదీస్తారు. ఆరాధన పదిన్నరకి అంటే పదిన్నరకి ఉండేది సగం మందే, మిగతావాళ్ళు రెండో పాటకి వస్తారు, ఇది మాత్రం మార్చుకోవాల్సిన అలవాటు.

పాటల గురించి కొంచెం ఎక్కువ రాస్తా. ముందు వరసలో ఒక నాయనమ్మ కూర్చుంటుంది, వయసులో ఉన్నప్పుడు పొగాకు గ్రేడింగ్ పనికి పోయేది, చదువు రాదు, కానీ పాత కీర్తనలు చరణాలతో సహా నోటికి వచ్చు. పాట నంబరు చెప్పడం ఆలస్యం, చెంగు తలమీదకి లాక్కుని కళ్ళు మూసుకుని పల్లవి ఎత్తేస్తుంది, కీబోర్డు వాయించే అబ్బాయి ఇంకా ప్లగ్గు సర్దుకుంటా ఉంటాడు. ఆమె ఎత్తిన శ్రుతికి అతను బటన్ నొక్కి నొక్కి తన కీబోర్డుని కిందికి దించుకుంటాడు గానీ నాయనమ్మా నా శ్రుతికి పాడు అని ఒక్కసారి కూడా అనలేదు. డోలక్ వాయించేది మేస్త్రి పనికి పోయే అతను, సిమెంటుతో పగిలిన వేళ్ళకి టేపు చుట్టుకుని వాయిస్తాడు. మూడో చరణానికి వచ్చేసరికి వెనక కుర్చీల్లో బ్యాంకులో పనిచేసే సారు, పట్టామీద కూర్చున్న రొయ్యల చెరువు కాపలా అతను ఒకటే గొంతుతో పాడతా ఉంటారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎంత మంచి రికార్డింగ్ విన్నా ఇది రాదు, ఎందుకంటే అక్కడ మనం వింటాం, ఇక్కడ మనం పాడతాం. నా మనసు బాగాలేని వారాల్లో నాకు నోరు రాదు, అప్పుడు నా చుట్టూ ఉన్నవాళ్ళు పాడతారు, ఆ పాట మధ్యలో కూర్చుంటే చాలు.

వాక్యం విషయానికొస్తే, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేసే మా పిన్ని కొడుకు ఎప్పుడూ అంటా ఉంటాడు, అక్కా నేను ఆదివారం రూంలోనే కూర్చుని పెద్ద పెద్ద దైవజనుల మెసేజీలు వింటా, మీ అయ్యగారి (పాస్టరు గారి) కన్నా బాగా చెప్తారు, ఇంక చర్చికెందుకు అని. నిజమే తమ్ముడూ, మా అయ్యగారు గొప్ప వక్త కాదు, చెప్పిందే చెప్తారు, ఒక్కోసారి నోట్సులో లైను ఎక్కడుందో వెతుక్కుంటారు. కానీ ఆయనకి మా ఇళ్ళు తెలుసు. ఎవరింట్లో తాగుడు ఉందో, ఎవరి పిల్ల ఇంటర్ తప్పిందో, ఏ అన్నదమ్ములు పొలం గట్టు కాడ కొట్టుకుని మాటలు మానేశారో తెలుసు. ఆ అన్నదమ్ములిద్దరూ ఎదురుగా కూర్చుని ఉండగా ఆయన క్షమాపణ మీద వాక్యం చెప్పారు, పేరు ఎత్తలేదు, ఎవరివైపూ చూడలేదు, వాళ్ళు లేచి పోలేరు, స్కిప్ చేయలేరు. ఫోన్‌లో అయితే మనకి నచ్చే మెసేజే వెతుక్కుంటాం, గుచ్చుకునేది వస్తే వేలితో పైకి తోసేస్తాం. మనల్ని సరిదిద్దే మాట మనం ఎంచుకుంటే వచ్చేది కాదు కదా.

ఇంక నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది ప్రార్థన మనవుల టైము. అమ్మగారి దగ్గర, అంటే అయ్యగారి భార్య దగ్గర, ఒక లాంగ్ నోటుబుక్కు ఉంటుంది, అట్ట చిరిగి ప్లాస్టర్ వేసింది, ఎడమ పేజీలో మనవులు, కుడి పేజీలో జవాబులు. ఎవరైనా లేచి చెప్పొచ్చు. కువైట్ పోయిన కూతురు ఫోన్ ఎత్తట్లేదని ఒకామె చెప్పింది, ఆ ముక్క చెప్పేసరికే గొంతు పూడుకుపోయింది, పక్కనున్నామె లేచి భుజం పట్టుకుని మిగతాది తను చెప్పింది. అమ్మగారు రాసుకున్నారు, అందరం మోకరించాం. తర్వాతి వారాల్లో అమ్మగారు ఆ పేజీ తీసి, పాప ఫోన్ చేసిందా అమ్మా అని అడుగుతానే ఉన్నారు, చేసిందని చెప్పిన రోజున కుడి పేజీలో రాశారు, చర్చంతా చప్పట్లు. లైవ్ కింద ప్రేయర్ రిక్వెస్ట్ అని టైప్ చేస్తే చేతులు జోడించిన బొమ్మలు వస్తాయి, వాళ్ళూ మంచి మనసుతోనే పెడతారు, కానీ వచ్చే వారం ఏమైందమ్మా అని అడిగేవాళ్ళు ఎవరు?

మా నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు నేను సంఘంలో ఎవరికీ ఫోన్ చేయలేదు, చేసే తీరిక లేదు. ఆదివారం మా కుటుంబం కూర్చునే చోటు ఖాళీగా ఉండటం చూసి వాళ్ళే కనుక్కుని సాయంత్రానికి ఆస్పత్రికి వచ్చేశారు. ఆటో నడిపే తమ్ముడొకడు రాత్రుళ్ళు నాన్న మంచం పక్కన కింద పడుకున్నాడు, నువ్వింటికి పోయి పిల్లల్ని చూసుకో అక్కా అని నన్ను పంపించేశాడు. స్త్రీల సమాజం వాళ్ళు వంతులేసుకుని క్యారేజీ తెచ్చారు. ఖాళీ చోటు కనపడాలంటే అక్కడ మనకి ముందు ఒక చోటు ఉండాలి. చర్చికి ఎందుకు పోవాలి అని ఎవరు అడిగినా నేను చెప్పేది ఇదే. మీరు రాకపోతే వెలితిగా అనిపించే మనుషుల మధ్య ఉండండి, మీరూ ఇంకొకరి వెలితిని గమనించండి.

బైబిల్లో ఎక్కడుంది అనేవాళ్ళకి, హెబ్రీ పత్రిక పదో అధ్యాయంలో సమాజముగా కూడుట మానక అని సూటిగానే ఉంది, అప్పటికే కొందరు మానేస్తున్నారు కాబట్టే రాయాల్సి వచ్చింది. యేసయ్య విశ్రాంతి దినాన సమాజమందిరానికి పోవడం ఆయన వాడుక అని లూకా రాశాడు, ఆయనకే ఆ అలవాటుంటే మనమెంత. నాకు ఎక్కువ గుర్తొచ్చేది యేసయ్య శిష్యుడు తోమా. పునరుత్థానమైన ఆదివారం సాయంత్రం ప్రభువు శిష్యుల మధ్యకి వచ్చినప్పుడు తోమా వాళ్ళతో లేడు. మిగతావాళ్ళు చెప్తే నమ్మలేకపోయాడు, ఆయన గాయాల్లో వేలు పెట్టి చూస్తేనే నమ్ముతానన్నాడు. ఎనిమిది రోజుల తర్వాత వాళ్ళతో కలిసి ఉన్నప్పుడే ప్రభువు మళ్ళీ వచ్చి నీ వేలు ఇటు చాపు అన్నాడు. అనుమానం ఉన్నవాడిని వాళ్ళు బయటకి పంపలేదు, అతనూ అలిగి దూరం పోలేదు. మీకు సందేహాలుంటే వాటిని పట్టుకునే రండి.

మన ప్రాంతంలో ఈ విశ్వాసం మొదలైందే నలుగురు కూడితే. అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ డే దొరగారు నెల్లూరులో మిషను పెట్టింది 1840లో, ఏళ్ళు గడిచినా విశ్వాసులు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే, అమెరికాలో వాళ్ళు మూసేద్దామా అని కూడా మాట్లాడుకున్నారు. అట్టాంటి రోజుల్లో 1854 జనవరి 1న తెల్లారుజామున జూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ఐదుగురే. ఇప్పటికీ మనోళ్ళు దాన్ని ప్రార్థన కొండ అంటారు. 1866లో క్లౌ దొరగారు ఒంగోలు వచ్చారు, 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది. తర్వాత 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు, క్లౌ గారు బకింగ్‌హామ్ కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చారు, కూటికోసం చేరారని రేపు ఎవరూ అనకూడదని కరువు పని నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళల్లో చాలామంది ఊరిబయట పల్లెల్లో బతికినవాళ్ళు, ఊరి బావిలో నీళ్ళు తోడుకోనివ్వని రోజులవి. అట్టాంటివాళ్ళకి పక్కపక్కన కూర్చుని ఒకే ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షరసంలో, పాలు పంచుకోవడం అంటే ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. అది మన తాతముత్తాతలు సంపాదించిపెట్టింది, రూంలో ఒంటరిగా కూర్చుని వదులుకునేది కాదు.

ఫోన్‌ని తక్కువ చేయట్లేదు. 2020 మార్చిలో చర్చిలు మూతపడ్డప్పుడు ఫోనే మమ్మల్ని కలిపి ఉంచింది. మంచం పట్టినవాళ్ళకి, బాలింతలకి, గల్ఫ్‌లో శుక్రవారం తప్ప సెలవు దొరకనివాళ్ళకి అది నిజంగా మేలే, మా అయ్యగారు అట్టా రాలేనివాళ్ళ ఇళ్ళకి పోయి బల్ల ఇచ్చి వస్తారు. కాళ్ళూ చేతులూ బాగున్నవాళ్ళ గురించే నేను చెప్పేది.

చర్చిలో గొడవలున్నాయి, వేషధారులున్నారు అంటారు. ఉన్నారు. కులం చూసుకునేవాళ్ళు కూడా ఉన్నారు, అది పాపమని అయ్యగారు చెప్తానే ఉంటారు, ఇంకా పోలేదు. మా బంధువుల్లో ఒకామెని ఒక సంఘంలో పెద్దలు నలుగురిలో అవమానించారు, ఆమె బాధ నిజం, నేనైనా అక్కడికి తిరిగి పొమ్మనను. ఆమె వేరే సంఘానికి మారింది గానీ సంఘానికి పోవడం మానలేదు, ఇప్పుడు అక్కడ సండే స్కూల్ పిల్లలకి వాక్యాలు కంఠతా పట్టిస్తా ఉంది. డబ్బుల కోసమే పిలుస్తారు అనేవాళ్ళకి, కానుక సంచి మన ముందుకి వస్తుంది, వేసేది వేస్తాం, లేకపోతే పక్కకి అందిస్తాం, ఎవరూ చూడరు. సంవత్సరం చివర లెక్కలు చదివి వినిపిస్తారు. లెక్కలు చెప్పని చోట అడగండి, అడగడం తప్పు కాదు.

నన్నడిగి మా సంఘానికే వచ్చేవాళ్ళకి వివరాలు: పొద్దున తొమ్మిదిన్నరకి సండే స్కూల్, పదిన్నరకి ఆరాధన, ఒంటిగంటకి అయిపోతుంది. మొదటి ఆదివారం బల్ల ఉంటుంది, ఆరోజు ఇంకో అరగంట పడుతుంది, పసిపిల్లలుంటే పాలు, బిస్కెట్లు తెచ్చుకోండి. శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఉద్యోగాలకి పోయేవాళ్ళు మధ్యలో వచ్చినా ఎవరూ ఏమనరు. బండ్లు వేపచెట్టు కింద పెట్టుకోవచ్చు, కారైతే రోడ్డు మీదే పెట్టాలి, లోపలికి సందు చాలదు. బైబిలు లేకపోయినా పర్లేదు, పక్కవాళ్ళు చూపిస్తారు. కొత్తవాళ్ళని నిలబెట్టి పేరు చెప్పమంటారు, సిగ్గనిపిస్తే ముందే గేటు దగ్గరుండే పెద్దాయనకి చెప్పండి, మిమ్మల్ని లేపకుండా ఆయన చూసుకుంటాడు. ఆరాధన అయ్యాక టీ ఉంటుంది, తాగకుండా పోవద్దు, అసలు పరిచయాలు అయ్యేది అక్కడే.