బాడుగ ఆక్సిజన్ మిషన్: మూడు నెలలు వాడినాక

మా నాయన తాడిపత్రిలో ముప్పై ఏళ్లు బండల పాలిష్ పని చేసినాడు. ఆ దుమ్ముకు తోడు బీడీలు. ఇప్పుడు సీఓపీడీ, అంటే ఊపిరితిత్తులు మెల్లగా పాడై గాలి సరిగా ఆడని జబ్బు. ఫిబ్రవరిలో ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిస్తూ ఆక్సిజన్ పెట్టుకోమన్నారు. సిలిండర్లు మోసుకొచ్చే మగదిక్కు ఇంట్లో లేదు. అందుకని అనంతపురంలో ఒక షాపు నుంచి అయిదు లీటర్ల కాన్సంట్రేటర్ బాడుగకు తెచ్చుకున్నాం. నెలకు 4,500 బాడుగ, అడ్వాన్సు 10,000.

మిషన్ మంచిదే, నాలుగు స్టార్లు ఇస్తా. గదిలోని గాలినే లాక్కుని, అందులోని నైట్రోజన్‌ను జియోలైట్ గుళికల్లో ఆపేసి, దాదాపు 93 శాతం ఆక్సిజన్ బయటికి వదులుతుంది. మామూలు గాలిలో ఉండేది 21 శాతం. చప్పుడు ఉంటుంది, రెండు రోజులకు అలవాటైపోతుంది. వెనకున్న ఫిల్టర్ మా ఊరి దుమ్ముకు నాలుగు రోజుల్లోనే తెల్లగా అయిపోతుంది, నేను వారానికి రెండుసార్లు కడుగుతున్నా. ఆక్సిజన్‌కు తేమ పట్టించే బుడగల సీసాలో బోరు నీళ్లు పోయొద్దు, ఉప్పు పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటరే పోయండి. కరెంటు పోతే మిషన్ ఆగిపోతుంది కాబట్టి చిన్న సిలిండర్ ఒకటి పక్కన పెట్టుకున్నాం.

సర్వీసుకు మాత్రం ఒక్క స్టారే. మిషన్ దించిన పిల్లోడు ముందువైపున్న మర తిప్పి, గొట్టంలోని చిన్న గుండును అయిదు గీత దాకా, అంటే నిమిషానికి అయిదు లీటర్లకు, లేపినాడు. "ఎంత ఎక్కువ పెడితే అంత మంచిదక్కా, ఆక్సిజనే కదా" అన్నాడు. డాక్టర్ చీటీ అడగలేదు. నేనూ చూపించలేదు, ఆ తప్పు నాది కూడా.

మొదటి రోజు రక్తంలో ఆక్సిజన్ శాతం చూడ్డానికి వేలికి పెట్టే మిషన్‌లో 98 చూపిస్తే మా అమ్మ దేవుడికి టెంకాయ కొట్టింది. ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా 90 దాటలేదు మరి. రెండో రోజు పొద్దున తల పగిలిపోతోందన్నాడు నాయన. మధ్యాహ్నం అన్నం కలుపుతూ కలుపుతూనే కునుకు తీసినాడు. బాగా నిద్ర పడుతోందిలే అనుకున్నాం. రాత్రికి పిలిస్తే నా పేరు బదులు మా మేనత్త పేరు పలికినాడు. చేతులు ముందుకు చాపమంటే మణికట్టు దగ్గర పక్షి రెక్కల మాదిరి టపటపా కొట్టుకుంటున్నాయి. అరచేతులు వెచ్చగా, ఎర్రగా ఉన్నాయి. అప్పుడు కూడా వేలి మీద 98 వెలుగుతానే ఉంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మొదట అడిగిన మాట, "ఎన్ని లీటర్లు పెట్టినారమ్మా?" మణికట్టు ధమని నుంచి రక్తం తీసి చూస్తే కార్బన్ డయాక్సైడ్ బాగా పెరిగిపోయి ఉంది. గాలిని ఒత్తిడితో నెట్టి ఊపిరికి సాయం చేసే బైపాప్ మాస్కు రెండు రాత్రులు పెట్టినారు. మూడో రోజు పొద్దున "పాపా, కాఫీ" అన్నాడు. నాకు ఏడుపాగలేదు.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత రాస్తున్నా. ఊపిరితిత్తుల్లో పాడైన చోట్లకు ఒళ్లే రక్తాన్ని తగ్గించుకుని, బాగున్న చోట్లకు మళ్లించుకుంటుంది. ఆక్సిజన్ అతిగా ఇస్తే ఆ కట్టడి సడలిపోయి, గాలి సరిగా ఆడని చోట్లకు రక్తం పారుతుంది. అక్కడ చెడు గాలి బయటికి పోదు. పైగా ఊపిరి తీసే వేగం కూడా కొంత మందగిస్తుంది. వేలికి పెట్టే మిషన్ ఆక్సిజన్‌నే కొలుస్తుంది, కార్బన్ డయాక్సైడ్ దానికి కనపడదు. అందుకే మా నాయనలాంటి వాళ్లకు 88 నుంచి 92 మధ్య ఉంటే చాలంటారు. ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో అంబులెన్సు ఎక్కిన 405 మంది మీద చేసిన పరిశోధన 2010లో వచ్చింది. ఎక్కువగా ఆక్సిజన్ ఇచ్చినవాళ్లలో 9 శాతం మంది పోతే, కొలిచి ఇచ్చినవాళ్లలో పోయింది 4 శాతం. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇది చదివి భయపడి ఆక్సిజన్ ఒక్కసారిగా తీసేయొద్దు, అదీ ప్రమాదమే. తగ్గించాలన్నా పెంచాలన్నా డాక్టర్నే అడగండి. మా పాత డిశ్చార్జ్ కాగితం మళ్లీ తీసి చూస్తే, మందుల కింద చిన్న అక్షరాల్లో "1 లీటరు" అని రాసే ఉంది. ఇప్పుడు ఒకటో గీత దగ్గర ప్లాస్టర్ అంటించినా. గుండు మధ్యభాగం ఆ గీత మీద ఉండాలి. మా అమ్మకు చదువు రాకపోయినా అది చూసి సరిచేస్తుంది.

పోయిన వారం బాడుగ కట్టడానికి షాపుకు పోతే, ఇంకో మిషన్ ఆటోలోకి ఎక్కిస్తున్నారు. ఎన్ని లీటర్లు పెడతారని అడిగినా. "అయిదు పెట్టి వస్తామక్కా, తర్వాత వాళ్లిష్టం." ఓనరుతో గట్టిగా మాట్లాడి, ఆ ఇంటికి అక్కడి నుంచే ఫోన్ చేయించినా. ఫోన్ ఎత్తింది ఒక అబ్బాయి. పేషెంట్ వాళ్లమ్మంట, కట్టెల పొయ్యి పొగకు ఊపిరితిత్తులు పోయినాయంట. డిశ్చార్జ్ కాగితం తెచ్చి ఆక్సిజన్ అని ఉన్న చోట చదవమన్నా. కాసేపు కాగితాల చప్పుడు. తర్వాత ఆ అబ్బాయి మెల్లగా చదివినాడు: "ఒకటిన్నర లీటరు, మేడమ్."