బెనాలిమ్‌లో ఏడు రాత్రులు: ఎనిమిది మందికి ఇల్లు అద్దెకు తీసుకున్న లెక్క

దసరా సెలవుల్లో గోవా వెళ్దామని మా బావ అన్నప్పుడు నేను వెంటనే సరేననలేదు. అంతకు మూడేళ్ల ముందు అక్కడే దెబ్బ తిన్నాం. కలంగూట్ దగ్గర విల్లా అని ఆన్‌లైన్‌లో ఫోటోలు చూసి ఫోన్ చేస్తే ఒకాయన ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "యాప్‌లో అయితే కమిషన్ పోతుంది మేడమ్, నాకు నేరుగా పంపితే రెండు వేలు తగ్గిస్తాను" అన్నాడు. ఆరు వేలు అడ్వాన్సు పంపాం. తీరా అక్కడికి పోయేసరికి ఆ ఫోటోలు వేరే ఎవరి ఇంటివో, ఈయన ఫోన్ స్విచాఫ్. పిల్లల్ని, సామాన్లను పెట్టుకుని సాయంత్రం ఏడింటికి దొరికిన హోటల్లో అడిగినంత ఇచ్చి దిగాం. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాం గానీ చాలా ఆలస్యమైపోయింది, డబ్బు రాలేదు. రెండు వేలకు ఆశపడి ఆరు వేలు పోగొట్టుకున్నాం.

అందుకని ఈసారి ఇల్లు వెతికే పని నేనే తీసుకున్నాను. 2025 దసరా సెలవులు. మేం, మా ఇద్దరు పిల్లలు, మా అత్త. మా అక్క, బావ, వాళ్ల పాప. మొత్తం ఎనిమిది మందిమి.

ముందు రైలు సంగతి చెప్పాలి, ఎందుకంటే మా లెక్కంతా దాంతోనే మొదలైంది. సికింద్రాబాద్ నుంచి వాస్కోకి 2024 అక్టోబరులో మొదలైన బండి మా కర్నూలు మీదుగానే పోతుంది. వారానికి రెండు రోజులే, బుధవారం, శుక్రవారం. అటునుంచి గురువారం, శనివారం. రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుస్తారు కాబట్టి జులై చివర్లోనే కూర్చున్నాం. శుక్రవారం బయల్దేరి తర్వాతి గురువారం తిరిగి ఎక్కితే అక్కడ ఐదు రాత్రులు. అదే బుధవారం బయల్దేరితే ఏడు రాత్రులు.

ఐదు చాలని నేను, మా ఆయన అనుకున్నాం. కానీ రెండు తేదీలూ వేసి చూస్తే సంగతి వేరేగా ఉంది. దక్షిణ గోవాలో, బెనాలిమ్ బీచ్ దగ్గర నచ్చిన ఇంటికి రాత్రికి 4,200. ఐదు రాత్రులకు 21,000, క్లీనింగ్ ఫీజు 1,500, యాప్ ఫీజు, పన్ను అన్నీ కలిపి దాదాపు 26,800. ఏడు రాత్రులకైతే ఆ ఇంటాయన వారం తగ్గింపు 15 శాతం పెట్టుకున్నాడు. అన్నీ కలిపినా 31,500. అంటే 4,700 ఎక్కువ పెడితే మరో రెండు రాత్రులు. క్లీనింగ్ ఫీజు ఎన్ని రాత్రులున్నా ఒక్కటే కదా, ఉన్నకొద్దీ అదీ తేలికవుతుంది. వారం తగ్గింపు అన్ని ఇళ్లకూ ఉండదు, ఇచ్చేవాళ్లు కూడా సాధారణంగా ఏడు రాత్రులకే ఇస్తారు. ఆరు రాత్రులు అనుకునేవాళ్లు ఒక్కసారి ఏడు వేసి చూడండి. ఒక్కోసారి ఆరింటికీ ఏడింటికీ పెద్ద తేడా ఉండదు.

హోటల్‌తో కూడా పోల్చాం. మాకు మూడు గదులు కావాలి. ఓ మోస్తరు గది 2,500 అనుకున్నా ఏడు రోజులకు 52,500, దానిమీద జీఎస్టీ. 7,500 లోపు గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 12 శాతం నుంచి 5కి తగ్గింది కాబట్టి 55 వేలతో పోతుంది. ఇంట్లో అయితే తలకి రాత్రికి 560 చొప్పున పడింది. అయితే ఈ లాభం మనుషులు ఎక్కువ ఉంటేనే. భార్యాభర్తలిద్దరే వెళ్తే, అదీ రెండు రాత్రులకైతే, క్లీనింగ్ ఫీజు, యాప్ ఫీజు కలుపుకుని చూస్తే చిన్న హోటలే చవక. మా తమ్ముడు పెళ్లయిన కొత్తలో వెళ్తానంటే నేనే హోటల్ తీసుకోమన్నాను.

ధర చూసేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఇళ్లు అద్దెకు చూపించే యాప్ ఎయిర్‌బీఎన్‌బీ 2025 ఏప్రిల్ నుంచి ఫీజులన్నీ కలిపిన మొత్తాన్నే మొదట చూపిస్తోంది, పన్నులు మాత్రం తర్వాత కలుస్తాయి. అన్ని యాప్‌లూ అలా కాదు, రాత్రికి ఇంత అని ఊరించి చివరి పేజీలో అసలు అంకె చూపించేవీ ఉన్నాయి. చివరి పేజీ దాకా పోయి ఆ అంకెనే రాసుకోవాలి. ఒకే ఇల్లు రెండు మూడు చోట్ల వేర్వేరు రేట్లకు ఉంటుంది కూడా. ఇక రెండోది, పిల్లలతో సహా మనుషుల సంఖ్య ఉన్నదున్నట్టు వేయాలి. చాలా ఇళ్లలో రేటు ఆరుగురికే, ఏడో మనిషి నుంచి అదనం. తక్కువ వేసి తీరా వెళ్లాక గుమ్మంలో బేరాలాడితే పోయేది మన మర్యాదే.

నేను మొదట మనసు పడింది బెనాలిమ్ ఇల్లు కాదు. లౌటోలిమ్ వైపు ఒక పాతకాలపు పెంకుటిల్లు, పెద్ద వసారా, పనసచెట్టు, రాత్రికి మూడు వేలే. ఆ ఫోటోలు ఇప్పటికీ ఫోన్లో ఉన్నాయి. కానీ అక్కడి నుంచి సముద్రానికి రోజూ వెళ్లి రావాలంటే ఎనిమిది మందికి బండి కావాలి. గోవాలో ఓలా, ఉబర్ దొరకవు. గోవా మైల్స్ అని అక్కడి యాప్ ఒకటుంది, లేదంటే టాక్సీవాళ్లతో బేరమే. రోజుకు పదిహేను వందలు బండికి పోతే ఇంట్లో మిగిలిన పన్నెండు వందలు ఎక్కడ మిగిలినట్టు? పైగా పిల్లలు సాయంత్రం పూట మళ్లీ బీచ్‌కి పోదామంటే కాదనాలి. బెనాలిమ్ ఇల్లు అందానికి మామూలు అపార్ట్‌మెంటే, రెండో అంతస్తు, మూడు పడగ్గదులు. కానీ సముద్రానికి పది నిమిషాల నడక. మడ్గావ్ స్టేషన్ ఆరేడు కిలోమీటర్లే.

డబ్బు కట్టకముందే యాప్‌లోనే ఇంటాయనకు మెసేజ్ పెట్టాను. గ్యాస్ సిలిండరా, ఇండక్షన్ పొయ్యా? తాగే నీళ్ల క్యాన్ మీరిస్తారా? ఏసీ కరెంటు విడిగా కట్టాలా? టూరిజం శాఖలో రిజిస్ట్రేషన్ ఉందా? గోవాలో పర్యాటకులకు ఇల్లు ఇచ్చేవాళ్లు 1982 చట్టం కింద నమోదు చేసుకోవాలి, నిజమైన ఇంటాయన ఆ నంబర్ చెప్పడానికి వెనకాడడు. ఈయన వెంటనే పంపాడు. ఈ మాటలన్నీ ఫోన్లో కాకుండా యాప్‌లో రాతపూర్వకంగా ఉంటే రేపు తేడా వచ్చినప్పుడు చూపించుకోవచ్చు.

ధర తగ్గించమని నేను అడగలేదు. మా రైలు తెల్లవారకముందే మడ్గావ్‌లో దింపుతుంది, చెక్ ఇన్ ఏమో మధ్యాహ్నం రెండుకి. అత్త మోకాళ్లు, ముగ్గురు పిల్లలు. స్టేషన్లో అన్ని గంటలు కూర్చోలేం, ముందు రోజు రాత్రికి కూడా కడితే మరో నాలుగు వేలు. "ముందు రోజు ఇల్లు ఖాళీగా ఉంటే ఉదయమే రానిస్తారా?" అని అడిగాను. రద్దీ లేని రోజులు, ఖాళీగానే ఉంది, ఎనిమిదింటికి తాళాలు ఇచ్చాడు. స్టేషన్లో టీ తాగి నెమ్మదిగా వెళ్లేసరికి సరిపోయింది. డబ్బు అడిగితే ఐదు వందలు తగ్గించేవాడేమో. ఆ ఉదయం మాకు అంతకంటే ఎంతో విలువైనది.

ఇంకో మాట. మా టికెట్లలో రెండు మొదట వెయిటింగ్ లిస్టులో ఉన్నాయి. అవి ఖాయమయ్యేదాకా, ఐదు రోజుల ముందు వరకూ రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వచ్చే ఇంటినే చూశాం. రద్దు కుదరని ఇల్లు కొంచెం చవకగా దొరికింది గానీ వదిలేశాను.

సెప్టెంబరు చివర గోవా ఎందుకు చవకో కూడా తెలుసుకుని వెళ్లాలి. వానలు పూర్తిగా పోవు. బీచ్‌లో షాక్‌లు, అంటే తిండి అమ్మే పాకలు, ఇంకా కట్టరు, అక్కడక్కడా మొదలవుతుంటాయి. సముద్రం పోటుమీద ఉంటుంది, లైఫ్‌గార్డులు ఎర్రజెండాలు పాతి ఈతకు దిగనివ్వరు. మా పిల్లలు పాదాలు తడుపుకున్నారంతే. ఈత, పారాసెయిలింగ్ కావాలనుకునేవాళ్లకు ఈ నెల పనికిరాదు, ఎంత చవకైనా. మాకు కావలసింది పచ్చదనం, విశ్రాంతి. అదే ఇంటికి క్రిస్మస్ వారం క్యాలెండర్ చూస్తే రాత్రికి పన్నెండు వేలు చూపించింది.

తిరగడానికి రెండు స్కూటర్లు తీసుకున్నాం, రోజుకు నాలుగు వందల చొప్పున. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండే బండినే తీసుకోవాలి. తెల్ల ప్లేటు సొంత బండిని వంద తక్కువకు ఇస్తామంటారు, పోలీసులు ఆపితే చిక్కు మనకే. పణజికి కదంబ బస్సులో వెళ్లాం. మడ్గావ్ నుంచి ఆగకుండా పోయే షటిల్ ఉంది, సౌకర్యంగా ఉంది, ఖర్చు నామమాత్రం. అక్కడ ఫాంటెన్యాస్ అనే పాత పేట వీధుల్లో రంగు రంగుల ఇళ్లు చూస్తూ నడిచాం. పాత గోవాలో బామ్ జీసస్ చర్చికి టికెట్టు లేదు. పలోలెం ఒకరోజు బస్సులోనే పోయి వచ్చాం, అది నాకు బెనాలిమ్ కంటే నచ్చింది. కొండలు, చంద్రవంకలా వంగిన తీరం. కానీ వారమంతా అక్కడుంటే పణజికి, గుళ్లకు చాలా దూరమైపోయేది.

దుర్గాష్టమి నాడు మాత్రం పెద్ద కారు మాట్లాడుకున్నాం. పండగ పూట ఇంట్లో దీపం లేకుండా వచ్చామని అత్త రెండు రోజులుగా మథనపడుతోంది. పోండా దగ్గర కవళేలో శాంతాదుర్గ గుడికి తీసుకెళ్లాం. పోర్చుగీసుల కాలంలో సాష్టి ప్రాంతంలోని గుళ్లను కూల్చేస్తుంటే భక్తులు దేవుళ్లను ఇటువైపు మోసుకొచ్చి దాచుకున్నారట. అటువైపే ఉన్న మంగేశి స్వామి అలా 1560లో వచ్చినవాడే. అత్త ఆ కథ విని దీపస్తంభం దగ్గర చాలాసేపు నిలబడిపోయింది. ఆ రోజు కారుకు మూడు వేలు అయ్యింది. ఈ యాత్రలో నేను వెనకాముందూ చూడకుండా ఇచ్చిన డబ్బు అదొక్కటే.

ఇప్పుడు వంటగది సంగతి. వంటిల్లు ఉంటే తిండి ఖర్చు సగమవుతుందని అందరూ చెప్తారు. నిజమే. కర్నూలు సోనా బియ్యం, బొరుగులు, కందిపొడి, ఆవకాయ తీసుకెళ్లాం. పొద్దున ఉగ్గాణి, ఒకరోజు ఉప్మా, ఒకరోజు పొయ్. పొయ్ అంటే అక్కడి రొట్టె. పొద్దున్నే పొదేర్, అంటే రొట్టెలవాడు, సైకిల్ మీద హారన్ కొట్టుకుంటూ వస్తాడు, పిల్లలు ఆ శబ్దం వినగానే కిందికి పరుగు. ఎనిమిది మంది టిఫినే బయట వెయ్యి రూపాయలు దాటుతుంది, ఏడు రోజులకు ఎంత మిగిలిందో లెక్క వేసుకోవచ్చు.

కానీ ఆ వంట ఎవరు చేశారు? మొదటి రెండు రోజులూ నేనూ మా అక్కా. పొద్దున టిఫిను, మధ్యాహ్నం అన్నం పప్పు, రాత్రికి మళ్లీ. మగవాళ్లు, పిల్లలు బీచ్‌కి పోయి వచ్చేసరికి మేం అంట్ల దగ్గర ఉన్నాం. రెండో రోజు రాత్రి అక్క గిన్నె తోముతూ "దీనికా మనం ఇంత దూరం వచ్చింది?" అంది. ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. వంటిల్లు ఉన్న ఇల్లు వెతికి తెచ్చింది నేనే కదా. ఆ రాత్రే అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఇంట్లో ఒక్క టిఫినే. మధ్యాహ్నం బయట చేపల థాలీ, మనిషికి రెండు వందలు, రెండు వందల యాభై. రాత్రికి పెరుగన్నం, లేదా ఏదైనా పార్సెల్. అంట్లు బావ, మా ఆయన తోమాలి. మూడో రోజు నుంచి అలాగే జరిగింది. తిండికి నాలుగు వేలు ఎక్కువైంది. ఇల్లు అద్దెకు తీసుకుంటే ఇంత మిగిలిందని లెక్కలు చెప్పేవాళ్లు ఆ మిగులులో ఆడవాళ్ల చాకిరీ ఎంతుందో కూడా చెప్పాలి. మళ్లీ ఎప్పుడు ఇల్లు తీసుకున్నా ఈ మాట రైలెక్కకముందే తేల్చుకుంటాను.

దిగిన రోజే ఇల్లంతా వీడియో తీసి పెట్టుకున్నాను. గోడలు, టీవీ, గాజు బల్ల, బాత్రూం కుళాయిలు, మంచాల కింద కూడా. మా ఆయన అప్పుడు విసుక్కున్నారు. చివరి రోజు ఇల్లు చూసే అబ్బాయి వచ్చి బల్ల అంచున చీలిక చూపించి రెండు వేలు పట్టుకోవాలన్నాడు. నేను గొడవ పడలేదు. మొదటి రోజు వీడియోలో అదే చీలిక చూపించాను. అతను ఇంటాయనకు ఫోన్ చేశాడు, డిపాజిట్ మూడు వేలూ పూర్తిగా వచ్చాయి. ఆధార్ కూడా మాస్క్ చేసిన కాపీలే ఇచ్చాం, చివరి నాలుగు అంకెలు తప్ప మిగతావి కనబడవు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

మిగిలిన బియ్యం, నూనె, సగం డబ్బా కందిపొడి కింద గదిలో ఉండే వాచ్‌మన్ భార్యకు ఇచ్చింది అత్త. ఆమె లోపలికెళ్లి ఓ పొట్లం నిండా ఎండు కోకం తెచ్చి చేతిలో పెట్టింది. చింతపండు బదులు వేయమని సైగలతో చెప్పింది. ఒకరికి కొంకణి రాదు, ఒకరికి తెలుగు రాదు. ఇద్దరూ అలా గుమ్మంలో పది నిమిషాలు మాట్లాడుకుంటూనే ఉన్నారు, కింద ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. దసరా పొద్దున బండి కులెం దాటి ఘాట్ ఎక్కుతుంటే దూధ్‌సాగర్ జలపాతం కిటికీ నిండా తెల్లగా వచ్చింది, వాన నీళ్లతో పోటెత్తి ఉంది. పిల్లలు తలుపు దగ్గరికి పోకుండా బావ అడ్డం నిలబడ్డాడు. అత్త మాత్రం పొట్లం వాసన చూస్తూ పప్పులో ఎన్ని వేయాలో అక్కతో తర్జనభర్జన పడుతోంది.