పుట్టుక, పెళ్లి, మరణం: వంశ చరిత్ర వెతికేవారికి ఏ నమోదు మేలు?

వంశ చరిత్ర రాసుకోవాలని పూనుకున్న వారిలో చాలామంది మొదట ముత్తాతగారి జనన నమోదు కోసం బయలుదేరుతారు. పుట్టుకతో మొదలుపెట్టి పెళ్లి మీదుగా మరణం దాకా రావడం సహజమైన వరస అనిపిస్తుంది గనుక ఇందులో వింతేమీ లేదు. కానీ మన తెలుగు జిల్లాల్లో 1950కి ముందు పుట్టినవారి విషయంలో ఈ వరసను తిరగేయడమే మంచిదని నా అభిప్రాయం. మరణ నమోదుతో మొదలుపెట్టి, భూమి కాగితాలతో బంధుత్వాలను నిర్ధారించుకుని, పుట్టుకను చివరికి వదిలిపెట్టినవారికే పని సాగుతుంది.

ముందు ఈ రిజిస్టర్లు ఎక్కడివో తెలుసుకోవాలి. 1886లో బ్రిటిష్ ఇండియా అంతటికీ జనన మరణ వివాహాల నమోదు చట్టం వచ్చింది కానీ, అది ఇష్టమున్నవారు నమోదు చేయించుకునే ఏర్పాటే. మద్రాసు ప్రెసిడెన్సీలో దీనికి ఊపిరి పోసింది 1899 నాటి మూడో నంబరు చట్టం. అది కూడా ఒక్కసారిగా అన్ని పల్లెలకూ వర్తించలేదు. కోస్తా, రాయలసీమ గ్రామాల్లో మునసబు ఈ పుస్తకం రాసేవాడు. నిజాం ఇలాకాలో ఆ పని పోలీసు పటేలుది. స్వాతంత్ర్యం తరువాత 1969లో పార్లమెంటు చేసిన జనన మరణాల నమోదు చట్టం 1970 ఏప్రిల్ 1 నుంచి చాలా రాష్ట్రాల్లో అమలులోకి వచ్చి, దేశమంతటికీ ఒకే పద్ధతిని తెచ్చింది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మునసబు, కరణం, పటేలు, పట్వారీ పదవులను రద్దు చేసినప్పుడు పుస్తకాలు చేతులు మారాయి. కాబట్టి పాత సంవత్సరాల రిజిస్టరు కోసం ఈనాటి పంచాయతీ కార్యదర్శిని మాత్రమే అడిగి ఊరుకోకుండా, మండల తహసీల్దారు కార్యాలయంలో కూడా విచారించాలి.

ఇప్పుడు జనన రిజిస్టరును, మరణ రిజిస్టరును పక్కపక్కన పెట్టి చూద్దాం. జనన రిజిస్టరులో మొదటి చిక్కు పేరే. పురుడు వచ్చిన కొద్ది రోజులకే మునసబుకు కబురు అందేది. అప్పటికి బాలసారె జరిగి ఉండదు. అందువల్ల పాత పుస్తకాల్లో బిడ్డ పేరు ఉండవలసిన చోట 'మగ శిశువు' అనో 'ఆడ శిశువు' అనో మాత్రమే కనిపిస్తుంది. అయిదుగురు అన్నదమ్ములున్న ఇంట్లో ఆ మగ శిశువు ఎవరో తేల్చడం ఇతర ఆధారం లేకుండా సాధ్యం కాదు. ఇప్పటి చట్టం కూడా పేరు లేకుండా పుట్టుకను నమోదు చేసి, పేరును తరువాత చేర్చుకోవడానికి వీలు కల్పిస్తోంది. చాలామంది చేర్పించుకోలేదు.

రెండో చిక్కు అంతకన్నా పెద్దది. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. పుట్టుకను అది జరిగిన చోటే నమోదు చేస్తారు తప్ప తండ్రి ఊళ్లో కాదు. అంటే మీ వంశంలో ప్రతి తరంలోనూ పెద్దబిడ్డ పుట్టుక అమ్మమ్మగారి ఊరి పుస్తకంలో ఉండే అవకాశమే ఎక్కువ. ఆ అమ్మమ్మగారి ఊరు ఏదో తెలియకపోవడం వల్లే కదా చాలామంది వెతుకులాట మొదలుపెడతారు! తండ్రి ఊరి రిజిస్టరు పుటలన్నీ తిరగేసి, నమోదు లేదని రాయించుకుని, అసలు నమోదే జరగలేదని నిశ్చయించుకున్నవారు పొరుగు మండలం దాకా వెళ్లి చూసి ఉంటే బాగుండేది.

మరణ రిజిస్టరులో ఈ రెండు చిక్కులూ లేవు. చనిపోయిన మనిషికి పేరుంటుంది, ఊరందరికీ తెలిసిన పేరే ఉంటుంది. మరణం ఎక్కువగా సొంత ఊళ్లోనే సంభవిస్తుంది. తండ్రి పేరో భర్త పేరో, వయసు, వృత్తి పక్కనే ఉంటాయి. కలరా, మశూచి ఎక్కడ చెలరేగుతున్నాయో తెలుసుకోవడం వలస ప్రభుత్వానికి అవసరం గనుక చావుల లెక్క మీద పైఅధికారుల నిఘా కూడా ఉండేది. లోపాలు లేవని కాదు. వయసు అంచనాగా వేసిందే. అరవై, డెబ్బై వంటి గుండ్రని అంకెలు ఎక్కువగా కనిపిస్తే వాటిని అయిదేళ్లు అటూ ఇటుగా తీసుకోవాలి. మరణ కారణం గడిలో సగానికి సగం 'జ్వరం' అని ఉంటే దాని మీద వైద్య చరిత్ర అల్లకూడదు. ఎలాగూ 1969 చట్టంలోని 17వ సెక్షను ప్రకారం రుసుము చెల్లించి ఎవరైనా వెతికించుకుని నకలు తీసుకోవచ్చు గానీ, ఆ నకలులో మరణ కారణాన్ని వెల్లడించరు.

మరణాన్ని ముందు పెట్టుకోమనడానికి ఇంకొక బలమైన కారణం ఉంది. తద్దినం పెట్టే ఇళ్లలో పుట్టిన రోజు ఎవరికీ గుర్తుండదు గానీ పోయిన తిథి మాత్రం తరాల పాటు నిలిచి ఉంటుంది. మార్గశిర బహుళ చవితి అని మాసం, పక్షం, తిథి చెబుతారు; సంవత్సరం మాత్రం చెప్పలేరు. ఆ మనిషి ఏ పదేళ్ల నడుమ పోయాడో ఉజ్జాయింపుగా తెలిస్తే, పాత పంచాంగాలు చూసి ఆ తిథి ఏయే సంవత్సరంలో ఏ తేదీన వచ్చిందో రాసుకుంటే పది తేదీలు తేలుతాయి. రిజిస్టరులో పదేళ్ల పుటలన్నీ తిప్పనక్కరలేకుండా ఆ పది తేదీల చుట్టూ ఉన్న వారం రోజులు చూస్తే చాలు. ఏ పెద్దవారైనా రక్తాక్షి నామ సంవత్సరం అని కూడా చెప్పగలిగితే పని ఇంకా తేలిక: అది 1924-25, లేదా 1864-65, లేదా 1984-85 అవుతుంది, వాటిలో ఏది కుదురుతుందో తరాల లెక్కే చెబుతుంది. సిబ్బంది ఓపికగా వెతికిపెట్టాలంటే దరఖాస్తులో ఇలాంటి ఖచ్చితమైన తేదీలు ఉండటం ఎంత ముఖ్యమో, ఆ కార్యాలయాల చుట్టూ తిరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

అయినా పుట్టిన తేదీయే కావాలనుకునేవారికి మూడు ఆధారాలున్నాయి: రిజిస్టరు, బడి, జాతకం. బడిలో వేసిన తేదీని నేను అన్నిటికన్నా తక్కువగా నమ్ముతాను. పిల్లవాణ్ణి చేర్చుకునే వయసు లెక్క సరిపోయేలా అయ్యవారు వేసిన తేదీలు అవి. జూన్, జూలై ఒకటో తేదీల్లో పుట్టినవారు మన పాత తరంలో అంతమంది ఉండటానికి ఆ అయ్యవార్లే కారణం. కానీ అదే అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరు, ఊరు, వృత్తి, అంతకు ముందు చదివిన బడి ఉంటాయి గనుక దాన్ని తేదీ కోసం కాక మనిషి కోసం చూడాలి. జాతక చక్రం వేయించిన ఇళ్లలో దానికి సాటి లేదు. సంవత్సరం, మాసం, తిథి, వారం, నక్షత్రం, ఘడియలు అన్నీ ఉంటాయి. ఒకటి తప్పు పడితే మిగిలినవాటితో పొసగదు గనుక తప్పు తనంతట తానే బయటపడుతుంది. ఈ సౌకర్యం కొన్ని కులాలకే, కొన్ని ఇళ్లకే దక్కింది. మిగిలినవారికి పెద్దల నోటి గుర్తులే దిక్కు. దివిసీమలో 'ఉప్పెన ఏడాది' పుట్టాడంటే 1977 నవంబరు 19 అనే తేదీ దగ్గర ఉండనే ఉంది.

పెళ్లి దగ్గరకు వస్తే ప్రభుత్వ నమోదు దాదాపు శూన్యం. 1955 హిందూ వివాహ చట్టం నమోదుకు వీలు కల్పించింది తప్ప నమోదు లేనంత మాత్రాన పెళ్లి చెల్లదని అనలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నమోదును తప్పనిసరి చేసిన చట్టం 2002లో గానీ రాలేదు. 2006లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ ఆదేశం ఇచ్చింది. అంతకు ముందరి హిందూ పెళ్లిళ్లకు సర్కారు పుస్తకంలో వెతకడం కాలయాపనే. ముస్లిం కుటుంబాల పరిస్థితి ఇంతకన్నా ఎంతో మెరుగు: ఖాజీ దగ్గర ఉండే సియాహా అనే నికా పుస్తకంలో వధూవరుల పేర్లు, తండ్రుల పేర్లు, మెహర్, సాక్షులు అన్నీ ఉంటాయి.

పెళ్లి నమోదు లేకపోతే ఎక్కువ నష్టపోయేది ఆడవారి చరిత్రే. మరణ రిజిస్టరులో ఆమె ఫలానావారి భార్య; పుట్టింటి ఇంటిపేరు ఎక్కడా రాయరు. ఆ ఖాళీని పూరించే కాగితం ఒకటి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరుకుతుంది. కోస్తా జిల్లాల్లో భూమి ఉన్న కుటుంబాలు ఆడపిల్లకు పసుపు కుంకుమల కింద ఎకరమో రెండెకరాలో రాసి ఇచ్చేవారు. ఆ దస్తావేజులో తండ్రి ఇంటిపేరు, కూతురి పేరు, అల్లుడి పేరు, ఇద్దరి ఊళ్లు, ఒక్కొక్కచోట పెళ్లి జరిగిన కాలం కూడా ఉంటాయి. శుభలేఖకన్నా ఇది గట్టి సాక్ష్యం, ఎందుకంటే దీని మీద సాక్షుల సంతకాలూ, ప్రభుత్వ ముద్రా ఉన్నాయి.

నిజానికి బంధుత్వాల విషయంలో జనన మరణ రిజిస్టర్లు రెండూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు దిగదుడుపే. రిజిస్టరు ఒక మనిషిని, మహా అయితే అతని తండ్రిని చూపిస్తుంది. పారీఖత్తు, అంటే ఆస్తి పంపకాల దస్తావేజు, ఒక్కటి దొరికితే తండ్రి, కొడుకులు, పోయిన కొడుకు పిల్లలు, వారికి సంరక్షకురాలైన తల్లి అందరూ ఒకే కాగితం మీద వరుసల వారీగా నిలబడతారు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులుండే మొదటి పుస్తకాన్నీ, దాని సూచికలనూ రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. సూచికల్లో ఒకటి మనుషుల పేర్లతో ఉంటుంది గనుక సర్వే నంబరు తెలియకపోయినా ఫరవాలేదు. మూడో పుస్తకంలో ఉండే వీలునామాల నకళ్లు మాత్రం రాసినవారు పోయిన తరువాతే ఇతరులకు ఇస్తారు. ఇనాం భూములు, అంటే పాలకులు మాన్యంగా ఇచ్చిన భూములు, ఉన్న ఇళ్లవారు ఇంకా వెనక్కి వెళ్లగలరు: 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ తయారు చేయించిన ఫెయిర్ రిజిస్టరులో అనుభవదారు పేరు, వయసు, మొదటి గ్రహీతకు అతడు ఏమవుతాడో రాసిన గడులు ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దం నడిమి కాలానికి వయసూ వరసా రెండూ ఇచ్చే కాగితం మనకు ఇంకొకటి సులభంగా దొరకదు. ఒక లోటు చెప్పి తీరాలి: భూమి లేనివారు ఈ కాగితాల్లో లేరు. వారి పూర్వీకులకు మరణ రిజిస్టరే దాదాపు ఏకైక ప్రభుత్వ సాక్షి.

కాశీ, గయ, హరిద్వారాల్లోని పండాల (తీర్థ పురోహితుల) వహీలను, అంటే యాత్రికుల వంశాల పేర్లు రాసి ఉంచే పుస్తకాలను, చాలామంది గొప్పగా చెబుతారు. హరిద్వారం వహీలను అమెరికాలోని యూటా వంశావళి సంఘం మైక్రోఫిల్ము తీయించుకున్న మాట నిజమే. యాత్రికుడు తన చేత్తో తండ్రి తాతల పేర్లు రాసి వెళ్లిన పుట దొరికితే ఆ ఆనందం వేరు. అయితే వాటిలో ఉండేది యాత్ర తేదీ. పుట్టుక, చావుల తేదీలు అరుదు. పైగా తెలుగు యాత్రికులు ఎక్కువగా పితృకార్యాలకు వెళ్లేది కాశీకీ, గయకూ. హరిద్వారం మన వంశాలకు అంతగా అక్కరకు రాదు. కాబట్టి వీటిని పెద్దల పేర్లను సరిచూసుకోవడానికి వాడుకోవాలే తప్ప ఆధారంగా పెట్టుకుని బయలుదేరకూడదు.

తెలంగాణ పల్లెల వారికి పై వరసలో ఒక మార్పు. పాత కాగితాలు ఉర్దూలో, ఫసలీ అనే రెవెన్యూ లెక్కల సంవత్సరాలతో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఏడాది అటూ ఇటుగా క్రీస్తు శకం వస్తుంది. ఉర్దూ చదివే మనిషి తోడు లేనప్పుడు 1954-55 ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డుతో మొదలుపెట్టి వెనక్కి నడవడమే సులువు. పట్టాదారు పేరు, తండ్రి పేరు, సాగు చేసేవారి పేరు అందులో ఉంటాయి.

క్రైస్తవ కుటుంబాలు మాత్రం పుట్టుకతో మొదలుపెట్టవచ్చు. అయితే అది ఏ సంఘమో ముందు తెలుసుకోవాలి. గుంటూరు లూథరన్లు, మచిలీపట్నం ఆంగ్లికన్లు, ఫిరంగిపురం వంటి చోట్ల కతోలికులు శిశువులకు బాప్తిస్మం ఇచ్చేవారు గనుక వారి పుస్తకంలో తేదీ పుట్టుకకు దగ్గరగా ఉంటుంది. 1908 నుంచి కతోలిక గుడుల్లో పెళ్లి వివరాన్ని కూడా బాప్తిస్మ పుస్తకం అంచున రాయాలనే నియమం ఉంది. రెండు నమోదులు ఒకే చోట దొరకడం మరెవరికీ లేని వసతి. నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టుల సంగతి వేరు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారు తమ విశ్వాసాన్ని తామే ఒప్పుకోగల వయసువారు, పసిపిల్లలు కారు. ఆ తేదీని పుట్టుక కింద లెక్కవేసుకుంటే ఒక తరం పొడవే మారిపోతుంది.

సముద్రాలు దాటిన తెలుగువారి వారసులకు మన దేశపు రిజిస్టర్లకన్నా అక్కడివే మేలు. 1860 నవంబరులో ట్రూరో ఓడ మద్రాసు నుంచి దర్బాన్ చేరింది మొదలు 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు వెళ్లిన 1,52,184 మంది ఒప్పంద కూలీలలో ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఉంది. ఓడ జాబితాలో తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, జిల్లా ఉంటాయి. ఫిజీ, మారిషస్ కాగితాలూ ఇలాంటివే. అక్కడ పుట్టిన పిల్లల నమోదుల్లోనూ తల్లిదండ్రుల నంబర్లు కనిపిస్తే తరాలను కలపడం ఇక్కడికన్నా తేలిక. ఇబ్బందల్లా ఊరి పేరుతోనే: మద్రాసు గుమాస్తా చెవికి వినబడినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన పేరును ఈనాటి పటం మీద వెతికితే దొరకదు. ముందు ఆనాటి జిల్లాను, తాలూకాను గుర్తించాలి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది గనుక అంతకు ముందరి కాగితంలో 'ఉత్తర ఆర్కాటు' అని ఉన్నంత మాత్రాన ఆ మనిషిది తమిళ ఊరని అనుకోకుండా, చిత్తూరు వైపు పల్లెల పేర్లను కూడా ఆ స్పెల్లింగుతో పోల్చి చూడాలి.